మెరిలిన్ రాబిన్సన్ నవలల సభ: పనులు పంచుకుందాం

సాహిత్య విభాగం: అందరికీ నమస్కారం. ఈసారి మన సాహిత్య సభలో అమెరికన్ రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్ నవలల మీద చర్చ ఖాయం. మనం అయోవాలో ఉంటూ, ఇక్కడి ఊరి కథలు రాసిన ఆవిడని వదిలేస్తే ఎలా? నవలలు ఐదే: హౌస్‌కీపింగ్ (1980), గిలియడ్ (2004), హోమ్ (2008), లైలా (2014), జాక్ (2020). మొదటిదానికీ రెండోదానికీ మధ్య 24 ఏళ్లు! అతిథులుగా అయోవా సిటీ నుంచి ఇద్దరు విమర్శకులు వస్తున్నారు, హైదరాబాద్ నుంచి ఒకరు జూమ్‌లో కలుస్తారు.

నవలలు తలా ఒకటి పంచేసి మాట్లాడిద్దామన్న మాట నాకు నచ్చలేదు. చివరి నాలుగింటిలో ఉన్నది అవే రెండు కుటుంబాలు: గిలియడ్ అనే కల్పిత అయోవా ఊళ్లో ఏమ్స్, బౌటన్ అనే ఇద్దరు పాస్టర్లవి. విడదీస్తే ఐదు పుస్తక పరిచయాలు మిగులుతాయి, అవి ఇంట్లో కూర్చుని నెట్‌లో చదువుకోవచ్చు. నా ఆలోచన వేరు. బౌటన్ గారింటి వరండాలో ఆయన కొడుకు జాక్ ఒక ప్రశ్న వేస్తాడు: కొందరు పుట్టుకతోనే నరకానికి రాసిపెట్టి ఉంటారా అని. గిలియడ్‌లో ఆ సంగతి ముసలి పాస్టర్ ఏమ్స్ చెబుతాడు. జాక్ తనని ఇరుకున పెట్టడానికే అడుగుతున్నాడని ఆయన అనుమానం. హోమ్‌లో అదే సంభాషణ జాక్ చెల్లెలు గ్లోరీ వైపు నుంచి వస్తుంది. అక్కడ అది వెటకారం కాదు, అతని ప్రాణం మీదికొచ్చిన ప్రశ్న. పెద్దలిద్దరూ మతశాస్త్రం మాట్లాడుతుంటే, మనిషి మారగలడని సూటిగా చెప్పేది ఏమ్స్ భార్య, పెద్దగా చదువుకోని లైలా. ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన చదివించి, ముగ్గురు అతిథులనీ దాని మీదే మాట్లాడిద్దాం. మిగతా నవలలు వాటంతటవే వస్తాయి.

జూమ్, మైకులు: నాకు ఓకే అక్కా. శనివారం ఉదయం 10కి మొదలుపెడితే హైదరాబాద్‌లో రాత్రి 8:30. నవంబర్‌లో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అయితే 9:30. కాబట్టి అక్టోబర్‌లోనే పెట్టండి, అక్కడి అతిథినే ముందు మాట్లాడించండి. పోయినసారి జ్యోతి ప్రజ్వలన, స్పాన్సర్ల సన్మానం అయ్యేసరికి అవతల అతిథి కునుకు తీస్తున్నారు. స్క్రీన్ మీద అందరూ చూశారు.

భోజనాలు: అంతా గిలియడ్ గోలేనా? హౌస్‌కీపింగ్ ఏమైపోవాలి? రాత్రివేళ రైలు మొత్తం చప్పుడు లేకుండా సరస్సులోకి జారిపోవడం, సిల్వీ పిన్ని దీపం వెయ్యకుండా చీకట్లోనే పిల్లలకి అన్నం పెట్టడం... నా ఓటు దానికే. దాని ఊసెత్తకపోతే పులిహోర మీరే కలుపుకోండి.

సాహిత్య విభాగం: అమ్మో! వదినా, అది మీరే మాట్లాడండి, పది నిమిషాలు మీవి.

యువ విభాగం: అత్తా, జాక్ నవల మీద ప్రశ్నలు నేను తయారు చేస్తాను. సెయింట్ లూయిస్‌లో జాక్, డెల్లా రాత్రంతా శ్మశానంలో చిక్కుకుపోయే భాగం మా ఫ్రెండ్స్ అందరికీ నచ్చింది. అతను తెల్లవాడు, ఆమె నల్లజాతి టీచర్. అప్పటి మిస్సోరీ చట్టం ప్రకారం వాళ్ల పెళ్లి చెల్లదు. అయోవాలో ఆ నిషేధం 1851లోనే పోయింది. మరి గిలియడ్‌కి భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడానికి జాక్ ఎందుకంత భయపడతాడు? ఆ ఊళ్లో నల్లవాళ్ల చర్చికి ఎప్పుడో నిప్పంటుకుంది, వాళ్లంతా ఊరొదిలి వెళ్లిపోయారు. ఏమ్స్ దాన్ని చిన్న విషయంలా దాటేస్తాడు. రచయిత్రి కావాలనే అలా రాశారా అని అతిథుల్ని అడగాలి.

సాహిత్య విభాగం: ఇదే మొదటి ప్రశ్న. అడిగేది నువ్వే.

రవాణా: మర్నాడు మన అయోవాలోని టేబర్ వెళ్దామా? గిలియడ్‌కి మూలం ఆ ఊరే. బానిసత్వాన్ని ఎదిరించిన పాస్టర్ జాన్ టాడ్ ఇల్లు అక్కడ ఇప్పటికీ మ్యూజియంగా ఉంది. బానిసత్వం మీద ఆయుధం పట్టి పోరాడిన జాన్ బ్రౌన్ ఆయుధాలు దాచింది ఆ ఇంట్లోనే. రెండు వ్యాన్లు చాలు. మ్యూజియం తెరుస్తారో లేదో ముందే ఫోన్ చేస్తాను.

సాహిత్య విభాగం: చేయండి అన్నా. పుస్తకాలు లైబ్రరీలో ఇప్పుడే హోల్డ్ పెట్టుకోండి, అందరూ ఒకేసారి అడిగితే దొరకవు. అతిథుల పారితోషికం, పిల్లల గది, ఈ రెండింటికీ ఇంకా ఎవరూ పేరివ్వలేదు. ఆదివారం లోపు చెప్పండి.