ఈ1 లింక్‌లో స్లిప్‌లు ఆగడం లేదు, క్లాక్ ఏది పెట్టాలి?

తాడిపత్రి_టెక్: అన్నలూ, పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నాను, తల వాచిపోయింది. ఫ్యాక్టరీకీ క్వార్టర్స్‌కీ మధ్య ఈ1 లింక్, అంటే చాలా కాల్స్‌ని కలిపి మోసే డిజిటల్ లైన్. రెండు వైపులా ఈపీఏబీఎక్స్ (సొంత ఫోన్ ఎక్స్ఛేంజి), మధ్యలో రాగి జతల మీద లైన్ మోడెమ్‌లు. స్లిప్‌లు, అంటే డేటాలో ఒక ముక్క (ఫ్రేము) పోవడమో రెండుసార్లు రావడమో, పడుతూనే ఉన్నాయి. అలారం ఏదీ లేదు, మాటలు బాగానే వినిపిస్తున్నాయి. ఫ్యాక్స్ మాత్రం సగం పేజీలోనే తెగిపోతోంది. మోడెమ్‌లో క్లాక్‌కి (బిట్ల వేగం నడిపేది) ఇంటర్నల్ అంటే సొంతది, లైన్, ఎక్స్‌టర్నల్ అని మూడున్నాయి. అన్నీ మార్చి చూశాను. సాయంత్రంలోగా సరిచేయాలి, టెన్షన్‌గా ఉంది.

కడప_పవర్: ముందు ఎర్తింగ్ చూడండి సార్. మన సీమ నేలలో ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోతుంది, రెసిస్టెన్స్ పెరిగిపోతుంది. పిట్‌లో నీళ్లు పోయించి టెస్టర్‌తో కొలిపించండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, పిడుగు పడి కార్డులు పోయాక ఏడుస్తారు.

అనంత_ఎక్స్ఛేంజి: స్లిప్ ఎంతసేపటికొకటి?

తాడిపత్రి_టెక్: కాస్త అటూఇటుగా రెండు నిమిషాలకొకటి. తప్పకుండా వస్తోంది.

అనంత_ఎక్స్ఛేంజి: అయితే ఎర్త్ కాదు. రెండు క్లాక్‌లు కొట్టుకుంటున్నాయి.

కర్నూలు_ఫైబర్: లెక్క కూడా సరిపోతుంది. ఈ1 సెకనుకు 20,48,000 బిట్లు, ఫ్రేముకు 256. రెండు క్లాక్‌ల మధ్య పది లక్షల్లో ఒక వంతు తేడా ఉంటే సెకనుకు రెండు బిట్ల కంటే కాస్త ఎక్కువ మిగులుతాయి. 125 సెకన్లకు ఒక ఫ్రేము నిండి, బఫర్ దాన్ని పారేస్తుంది. తేడా అటువైపైతే పాత ఫ్రేమునే మళ్లీ పంపుతుంది. మాటల్లో అది చిన్న టిక్ మాత్రమే, ఫ్యాక్స్ తట్టుకోలేదు. ఎక్స్‌టర్నల్ పెట్టు, క్లాక్ ఈపీఏబీఎక్స్ నుంచి వస్తుంది.

అనంత_ఎక్స్ఛేంజి: ఎక్స్‌టర్నల్ అంటే విడిగా 2048 కిలోహెర్ట్జ్ వచ్చే పోర్టు.

కర్నూలు_ఫైబర్: ఎక్స్ఛేంజిలో అంతే. ఈ మోడెమ్‌లలో చాలావాటికి ఈ1 పోర్టులోంచి తీసుకోమని అర్థం. మాన్యువల్ చూడాల్సిందే.

కడప_పవర్: రెండు భవనాల ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా కూడా కొలవండి.

అనంత_ఎక్స్ఛేంజి: ఆపరేటర్ పీఆర్ఐ, అంటే బయటి కాల్స్‌కి ఫోన్ కంపెనీ ఇచ్చే డిజిటల్ లైన్, ఉందా?

తాడిపత్రి_టెక్: ఉంది కదా, ఫ్యాక్టరీ వైపు. బయటి కాల్స్ అన్నీ దాని మీదే.

కర్నూలు_ఫైబర్: అసలు సంగతి అదే! ఆ ఈపీఏబీఎక్స్ ఇంటర్నల్‌లో ఉంటే పీఆర్ఐతో పడదు. దానికి మొదటి క్లాక్ పీఆర్ఐ పెట్టు. ఫ్యాక్టరీ మోడెమ్ ఈ1 పోర్టు నుంచి, క్వార్టర్స్ మోడెమ్ లైన్ నుంచి, అక్కడి ఈపీఏబీఎక్స్ ఆ మోడెమ్ నుంచి క్లాక్ తీసుకోవాలి. క్లాక్ ఒకే దిక్కున ప్రవహించాలి. ఒక్క మాట గట్టిగా పట్టుకో: ఫ్యాక్టరీలో రెండో క్లాక్‌గా క్వార్టర్స్ లింక్ పెట్టొద్దు, ఇంటర్నల్ పెట్టు. లేకపోతే పీఆర్ఐ పోయిన రోజు రెండు ఈపీఏబీఎక్స్‌లూ క్లాక్ కోసం ఒకదాన్నొకటి చూసుకుంటూ కొట్టుకుపోతాయి. అప్పుడు దొరకబట్టడం మహా కష్టం.

తాడిపత్రి_టెక్: పెట్టాను. స్లిప్ కౌంటర్ కదలడం లేదు, ఫ్యాక్స్ మొత్తం వెళ్లింది. థ్యాంక్స్ అన్నా.

కర్నూలు_ఫైబర్: పీఆర్ఐ కేబుల్ ఒక్కసారి పీకి, ఇంటర్నల్‌కి మారుతోందో లేదో చూశావా?

కడప_పవర్: ఎర్త్ రీడింగ్ ఎంతొచ్చింది సార్?