కంపెనీ ఒక దేశానిది, వాటాదారులు ఇంకో దేశం వాళ్లు: ఏ కాన్సులేట్‌ని అడగాలి?

మా కంపెనీ ఒక దేశంలో రిజిస్టరైంది, వాటాదారులంతా ఇంకో దేశస్థులు, వ్యాపారం మూడో దేశంలో. ఇక్కడ పన్ను గొడవలో బ్యాంకు ఖాతా ఆపేసి, ఆఫీసు తలుపుకి సీలు వేశారు. వాటాదారుల కాన్సులేట్‌కి వెళ్తే, కంపెనీ తమ దేశానిది కాదని పంపేశారు. 1970లో బార్సిలోనా ట్రాక్షన్ అనే కంపెనీ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పిందీ దాదాపు అదే: వాటాదారులు బెల్జియం వాళ్లైనా, కంపెనీ నమోదైంది కెనడాలో కాబట్టి వాళ్ల తరఫున బెల్జియం వేసిన కేసు చెల్లదంది. మరి 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందంలో, కాన్సులేట్ల పనులు చెప్పే 5వ అధికరణంలో తమ దేశపు సంస్థల ప్రయోజనాలు కాపాడటమూ ఉందిగా! రిజిస్టరైన దేశపు కాన్సులేట్ నిజంగా ఏమైనా చేస్తుందా, ఉత్తరం రాసి ఊరుకుంటుందా? ఇక్కడి కోర్టుల పరిధి తప్పదని తెలుసు. కాన్సులేట్ సాయం అడగడానికి అప్పీళ్లన్నీ అయ్యేదాకా ఆగాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.