తెరచాప పడవ డీజిల్ ఇంజన్ అలల్లోనే ఆగిపోతోంది

ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కో బేలో మాకో పాత తెరచాప పడవ ఉంది. రేవులో గంటసేపు నడిపినా ఇంజన్ బాగానే ఉంటుంది, కానీ మధ్యాహ్నం గాలి లేచి అలలు మొదలయ్యాక పది నిమిషాల్లో చప్పుడు తగ్గి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. నిన్న పిల్లలతో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర ఉండగా ఆగింది, చాలా టెన్షన్ పడ్డాం. ఏం చూడాలి?

జవాబు: ట్యాంకు అడుగున మడ్డి ఉన్నట్టుందండీ. డీజిల్లో నీరు చేరితే సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు పేరుకుంటుంది, పడవ ఊగినప్పుడు అది లేచి ఇంజన్‌కి డీజిల్ లాగే పైపు నోటికి అడ్డం పడుతుంది, ఇంజన్ ఆగగానే జారిపోతుంది, అందుకే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ట్యాంకు తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్ గిన్నెలోంచి కాస్త డీజిల్ గాజు సీసాలోకి వంపి చూడండి.

ఇంకో జవాబు: ఫిల్టర్ మార్చాక డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడం మరవకండి. బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే మర) వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు లేని డీజిల్ వచ్చాకే బిగించాలి. స్టార్ట్ కాలేదని స్టార్టర్ పదేపదే తిప్పితే మాత్రం ప్రమాదం, ఇంజన్‌ను చల్లబరిచే సముద్రపు నీరు ఎగ్జాస్ట్‌లో నిండి సిలిండర్లలోకి వెళ్తుంది.

అడిగినవారు: సీసా అడుగున వేలెడు నీళ్లు, డీజిల్‌కీ నీళ్లకీ మధ్య నల్లటి తెర! శనివారం ట్యాంకు కడిగిస్తున్నా. ఇద్దరికీ థాంక్సండీ.