అశ్వగంధ హెయిరీ రూట్స్ నుంచి బ్యాక్టీరియా పోవడం లేదు, ఏం చేయాలి?

నమస్కారం. అశ్వగంధ ఆకు ముక్కలకి అగ్రోబ్యాక్టీరియం రైజోజీన్స్ ఏ4 రకం పట్టించి హెయిరీ రూట్స్ (ఈ బ్యాక్టీరియా సోకిన చోట గుబురుగా పుట్టే సన్నని వేర్లు) తెప్పిస్తున్నాను. ఈ బ్యాక్టీరియా తన ఆర్‌ఐ ప్లాస్మిడ్‌ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే డీఎన్‌ఏ వలయం) లోని, వేర్లు పుట్టించే రోల్ జన్యువుల్ని మొక్క కణాల్లోకి పంపుతుంది, అందుకే హార్మోన్లు వేయకపోయినా వేర్లు పెరుగుతాయి. మూడో వారంలో ఈనె మీద గాటు పెట్టిన చోట తెల్లటి వేర్లు చూసి ఎంత సంతోషం వేసిందో!

చిక్కు ఆ తర్వాతే. లీటరుకి 500 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్ మందు ఉన్న మీడియంలో (వేర్లు పెరిగే పోషక మిశ్రమంలో) రెండు వారాలు ఉంచితే శుభ్రంగానే కనిపిస్తున్నాయి. మందు లేని ద్రవ మీడియంలోకి మార్చగానే నాలుగు రోజుల్లో ఫ్లాస్కు మబ్బుగా అయిపోతోంది. మందు పెంచితే వేరు కొసలు గోధుమరంగుకి తిరుగుతున్నాయి.

ఏ జన్యువులు ఉన్నాయో చూసే పీసీఆర్ పరీక్షలో రోల్‌బీ (రోల్ జన్యువుల్లో ఒకటి) వచ్చింది. కానీ విర్‌డీ2 కూడా వచ్చింది. అది టీ-డీఎన్‌ఏ (ప్లాస్మిడ్‌లో మొక్క కణాల్లోకి వెళ్లే భాగం) బయటి జన్యువు, బ్యాక్టీరియాలోనే ఉండాలి కాబట్టి, రోల్‌బీ బ్యాండు కూడా మిగిలిన బ్యాక్టీరియాదేనేమో అని టెన్షన్‌గా ఉంది.

ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. మందు మోతాదు తగ్గిస్తూ ఎన్నిసార్లు మార్చారు? పెరిగే కొసలు మాత్రమే కోసి మారిస్తే బ్యాక్టీరియా పోతుందా? ఆకు ముక్కల్ని బ్యాక్టీరియాతో మూడు రోజులు ఉంచాను, అది ఎక్కువైందా? ఇప్పుడు నా దగ్గర ఆరు లైన్లే (ఒక్కో వేరు నుంచి విడిగా పెంచినవి) మిగిలాయి.