రెండు ఆడకుక్కలు, ఇన్నాళ్లూ బాగానే ఉండి ఇప్పుడు రక్తాలొచ్చేలా కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలి?

రెండుతోకలిల్లు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో రెండు కుక్కలు, రెండూ ఆడవే. పెద్దది లూసీకి ఏడేళ్లు, చిన్నది పింకీకి రెండేళ్లు నిండబోతున్నాయి. పింకీ పిల్లగా వచ్చినప్పుడు లూసీ దాన్ని పక్కనే పడుకోబెట్టుకునేది, ఒకే గిన్నెలో నీళ్లు తాగేవి, అసలు గొడవన్నదే లేదు. ఈమధ్య ఏం పుట్టిందో కానీ పింకీ వచ్చి లూసీ దారికడ్డంగా నిలబడి కదలకుండా అలా చూస్తుంది, లూసీ గుర్రుమంటుంది, ఇంక అంతే మీద పడిపోతాయి. ఎక్కువగా నేను ఆఫీస్ నుంచి వచ్చి తలుపు తీసినప్పుడు, లేదంటే నేను సోఫాలో కూర్చున్నప్పుడు. తిండి గిన్నెల దగ్గర మాత్రం ఏమీ అనుకోవు, అదే నాకర్థం కావట్లేదు. నిన్న పింకీ చెవి చిరిగింది, విడదీయబోతే మావారి చేతికి పళ్లు దిగాయి. అత్తయ్యగారేమో వదిలెయ్యండి కొట్టుకుని అవే తేల్చుకుంటాయి అంటారు, వీడియోల్లో ఒకాయనేమో చిన్నదాన్ని వెల్లకిలా పడేసి నొక్కిపట్టాలి అప్పుడే ఎవరు పెద్దో తెలుస్తుంది అంటాడు. ఒకదాన్ని ఇచ్చేద్దామంటే ప్రాణం ఒప్పట్లేదు. ఇలాంటివి దాటినవాళ్లుంటే చెప్పండి ప్లీజ్.

సూదిమందు:
ముందు మీవారి చెయ్యి సంగతి చూడండి. ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, మన కుక్కే కదా టీకాలు వేయించాం కదా అని ఊరుకోకండి, రేబీస్, టెటనస్ ఇంజెక్షన్లు కావాలో వద్దో వాళ్లే చెప్తారు. అలాగే పింకీని కూడా ఒళ్లంతా తడిమి చూపించండి. పంటి గాటు పైకి చిన్న చిల్లులా కనిపించినా లోపల చర్మం కింద కండ చినిగి ఉండొచ్చు, బొచ్చులో కనపడక తర్వాత చీము పడుతుంది. నొప్పికి అని మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కలకి విషం.

ఇంకోటి, లూసీకి ఏడేళ్లన్నారు. కీళ్లు, పళ్లు, చెవులు, థైరాయిడ్ ఒకసారి చూపించండి. ఎక్కడో నొప్పిగా ఉన్న కుక్క పక్కది తగిలితే చాలు కస్సుమంటుంది, సోఫా ఎక్కడానికి దిగడానికి ఆలోచిస్తోందా, లేవగానే కాళ్లు బిగుసుకున్నట్టు నడుస్తోందా గమనించి ఆ వీడియో తీసి వెట్‌కి చూపించండి, క్లినిక్‌లో భయానికి అవి కుంటడం కూడా దాచేస్తాయి.

మొరటోడు77:
ఇంత టెన్షన్ ఎందుకండీ. మావి రెండు మగవి, మొదట్లో బాగా కొట్టుకున్నాయి, ఎవడు పెద్దో తేలాక సైలెంట్ అయిపోయాయి. మీ అత్తగారు చెప్పిందే కరెక్ట్.

లీష్‌లాగుడు:
@మొరటోడు77 మీవి సర్దుకున్నాయి, సంతోషం, కానీ ఈ సలహా ఇక్కడ పనికిరాదు బ్రో. ఒకే ఇంట్లో పెద్ద దెబ్బలు తగిలేలా కొట్టుకునేవాటిలో ఆడ-ఆడ జంటలే ఎక్కువ, అవి ఒకసారి మొదలుపెడితే అంత తేలిగ్గా వదలవు. పైగా ఇప్పటికే చెవి చిరిగింది. ప్రతి ఫైట్‌కీ రెండోదాన్ని చూస్తేనే ఒళ్లు బిగుసుకోవడం అలవాటైపోతుంది, తేలేదేం ఉండదు.

@రెండుతోకలిల్లు పింకీ వయసు చూస్తే నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. కుక్కలు ఒకటి నుంచి మూడేళ్ల మధ్యలో పూర్తిగా పెద్దవవుతాయి, పిల్లగా ఉన్నప్పుడు లూసీ ఏమన్నా పడి ఉన్నది ఇప్పుడు ఎందుకు పడాలి అంటోంది. మీరు రాసింది జాగ్రత్తగా చదివితే గొడవ తిండి కోసం కాదు, మీ కోసం. తలుపు దగ్గర ఇరుకు, దానికి తోడు మీరొచ్చారన్న ఉత్సాహం. సోఫా మీద మీ పక్క చోటు. ట్రిగ్గర్ తెలిసింది కాబట్టి మీ కేసు నయమే, ఎందుకు కొట్టుకుంటున్నాయో అంతుపట్టని ఇళ్లతో పోలిస్తే.

ఈరోజు నుంచే రెండిటినీ వేరు చేయండి. వేరు అంటే మధ్యలో మూసిన తలుపు లేదా గట్టి బేబీ గేట్, మనం చూస్తున్నాంలే అనుకుంటూ ఒకే హాల్లో ఉంచడం కాదు. ఫైట్ అయ్యాక వాటి ఒంట్లో ఆ వేడి దిగడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోపు ఎదురుపడితే చిన్నదానికే అంటుకుంటాయి. మీరు ఇంటికొచ్చే టైంకి రెండూ వేర్వేరు గదుల్లో ఉండాలి, మీరొచ్చి హడావుడి లేకుండా ఒక్కోదాన్ని విడిగా పలకరించండి. సోఫా కొన్నాళ్లు ఇద్దరికీ బంద్.

విడదీయడం గురించి: మెడ పట్టీ పట్టుకోవద్దు, నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు, ఆ ఊపులో అవి ఎవర్ని కరుస్తున్నాయో చూసుకోవు, మీవారికి జరిగింది అదే. గట్టిగా చప్పుడు చేయడం, నీళ్లు కొట్టడం, మధ్యలోకి కుర్చీనో అట్టనో మందపాటి దిండునో తోయడం, దుప్పటి కప్పడం. ఏదీ పనిచేయక ఇద్దరు మనుషులుంటే ఇద్దరూ ఒకేసారి చెరోదాని వెనక కాళ్లు పైకెత్తి వెనక్కి నడవాలి, ఒకటి తలుపు వెనక్కి పోయేదాకా రెండోదాన్ని వదలకూడదు. పట్టు వదలకుండా కరిచి ఉంటే మాత్రం లాగొద్దు, కండ ఊడొస్తుంది.

నిదానమే:
ఆ వెల్లకిలా పడేసే వీడియో గురించి ఎవరూ అనలేదేంటి. దయచేసి అది చేయకండి. బలం చూపించి అణచినవాడే గుంపుకి పెద్ద అనే ఆ ఆల్ఫా సిద్ధాంతం ఒకరికొకరు తెలియని తోడేళ్లని ఎన్‌క్లోజర్లో కలిపి పెట్టి చూసి రాసిన దాన్నుంచి వచ్చింది. ఆ మాటని జనంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన డేవిడ్ మీచ్ (Mech) అనే తోడేళ్ల శాస్త్రవేత్తే తర్వాత అడవి తోడేళ్లని ఏళ్ల తరబడి చూసి, గుంపు అంటే మామూలుగా అమ్మానాన్నా పిల్లలే అని 1999లో రాశాడు. మీరు పింకీని నొక్కిపడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే, లూసీ ఉన్నచోట నాకు దెబ్బలు పడతాయి అని. షాక్ కాలర్లు కూడా అంతే.

గుర్రుమన్నందుకు లూసీని తిట్టకండి. అది హెచ్చరిక, దాన్ని నోరు మూయిస్తే ఈసారి చెప్పకుండా కరుస్తుంది, అప్పుడు మీకు ఆ రెండు సెకన్లు కూడా దొరకవు. మీరు పట్టుకోవాల్సింది అంతకంటే ముందు పింకీ చూపు: నోరు టక్కున మూసుకుని, ఒళ్లు బిర్రబిగిసి, అడ్డంగా నిలబడటం. అక్కడే పిలిచి పక్కకి తీసుకెళ్లాలి.

రెండుతోకలిల్లు:
అందరికీ చాలా థాంక్స్ అండి. మావారు ఇంజెక్షన్ వేయించుకున్నారు, పింకీ చెవికి కుట్లు పడ్డాయి. లూసీకి వెనక తుంటి కీళ్లలో అరుగుదల మొదలైందంట, మందులిచ్చారు, @సూదిమందు గారూ మీరు చెప్పకపోతే ఆ వైపు ఆలోచించేవాళ్లమే కాదు. ఇంట్లో గేటు పెట్టాం. ఇప్పుడు రెండు డౌట్లు. లూసీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, పింకీకి కాలేదు, గొడవలు మొదలైంది కూడా దాని హీట్ (ఎదకొచ్చే) టైంలోనే అనిపిస్తోంది, ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా? ఇంకా మళ్లీ కలపడం ఎలా, ఎంత టైం పడుతుంది?

సూదిమందు:
హీట్ చుట్టూ గొడవలు ముదురుతుంటే ఆపరేషన్ కొంత సాయం చేయొచ్చు, కానీ అదొక్కటే మంత్రం కాదు. హీట్ అయిపోయాక సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి చేస్తారు. మీ వెట్ బిహేవియర్ మందులు చెప్తే భయపడకండి, ఫ్లూయోక్సెటిన్ లాంటివి మత్తు మందులు కావు, పని మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సొంతంగా మొదలుపెట్టడం, మధ్యలో ఆపేయడం మాత్రం వద్దు.

లీష్‌లాగుడు:
కలపడం ఇంట్లో మొదలుపెట్టకండి. బయట ఖాళీ చోట ఇద్దరు మనుషులు చెరోదాన్ని లీష్‌తో పట్టుకుని, రెండూ ఒకే దిక్కుకి నడిచేలా, ఒకదాన్నొకటి చూసినా పట్టించుకోనంత దూరంలో నడవండి. ముఖాముఖి వద్దు. అటు చూసి మళ్లీ మీ వైపు తిరిగినప్పుడల్లా ట్రీట్. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించుకుంటూ రండి, ఏరోజైనా ఒళ్లు బిగిస్తే తగ్గించిన దూరం మళ్లీ పెంచేయడమే, అందులో నామోషీ ఏం లేదు. తర్వాత ఇంట్లో గేటుకి అటొకటి ఇటొకటి చాప మీద కూర్చోవడం. టైం అంటారా, నెలల లెక్కలోనే ఆలోచించండి. మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) అలవాటు చేయండి, బుట్టలా ఉండేది, నోరు తెరిచి రొప్పడానికి నీళ్లు తాగడానికి వీలుండాలి, నోరు బిగించేసే గుడ్డది ఎక్కువసేపు వేయకూడదు, కుక్కకి ఒళ్లు చల్లబడేది రొప్పడం వల్లే. మజిల్ వేశాం కదా అని ఒంటరిగా కలిపి వదిలేయొద్దు.

వేరువేరుగదులు:
చివర్లో వచ్చి నిరాశ మాట చెప్తున్నాననుకోకండి. మావి అన్నీ చేసినా కలవలేదు. ఒకటి హాల్లో ఉంటే ఒకటి గదిలో, కొన్ని గంటలకోసారి మార్చడం, ఇలాగే నడుస్తోంది మా ఇల్లు. చుట్టాలొస్తే చాలా కష్టం, తలుపు సరిగ్గా వేయని ఒక్క మనిషి చాలు. కానీ రెండూ ప్రశాంతంగా ఉన్నాయి, కలిసి ఉండకపోతే వాటికి పోయిందేమీ లేదు, బాధంతా మనదే. ఇంట్లో చిన్నపిల్లలున్నా, ఇలా కాపలా కాసే ఓపిక మీకు లేకపోయినా పింకీని నమ్మకమైన, వేరే కుక్క లేని ఇంటికివ్వడం తప్పేం కాదు, తీసుకునేవాళ్లకి ఈ గొడవల సంగతి దాచకుండా చెప్పి ఇవ్వండి.

రెండుతోకలిల్లు:
పిల్లలు లేరండి, మేమిద్దరం అత్తయ్యా అంతే. ముందు నడక దగ్గర మొదలుపెడతాం. అత్తయ్యకి గేటు గడియ వేయడం నేర్పిస్తున్నా, ఆవిడ దాని మీంచి దాటేస్తున్నారు 😅