చీనీ (బత్తాయి) తొక్కల ద్రావణంలో ఈస్ట్ ఎందుకు పెరగడం లేదు?

అనంతపురంలో జ్యూస్ బండ్ల దగ్గర పారవేసే చీనీ తొక్కల నుంచి ఈస్ట్ ప్రోటీన్ తయారుచేయాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. లీటరు నీటికి 100 గ్రాముల ఎండు తొక్కల పొడి కలిపి, ఉడికించి వడకట్టి, నత్రజని కోసం 2 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ చేర్చి, పీహెచ్ 5కు సరిచేసి, చల్లార్చాక బేకరీ ఈస్ట్ వేసి, 30 డిగ్రీల వద్ద 48 గంటలు, ద్రావణాన్ని కుదుపుతూ ఉండే షేకర్‌పై ఉంచితే లీటరుకు ఒకటిన్నర గ్రాముల ఎండు ఈస్ట్ మాత్రమే వస్తోంది. ఇదే పద్ధతిలో అరటి తొక్కలతో ఆరు గ్రాములు వచ్చింది కనుక లోపం ఈస్ట్‌ది కాదు. తొక్క నూనెలో వాసననిచ్చే లిమోనీన్ అనే పదార్థం ఈస్ట్ ఎదుగుదలను అడ్డుకుంటోందని నా అనుమానం. మూత లేకుండా అరగంట మరిగించాను, ఈస్ట్ మోతాదు రెట్టింపు చేశాను. వాసన తగ్గింది గానీ దిగుబడి పెరగలేదు. చక్కెరలు పోకుండా ఈ నూనెను తొలగించడానికి చిన్న ప్రయోగశాలలో సాధ్యమయ్యే పద్ధతి ఏది?