ఆయుధపూజలో గిటార్ పక్కన హెండ్రిక్స్ ఫొటో పెట్టవచ్చా?

ఎడమచేతి తంతి (అనంతపురం)

మా ఇంట్లో ప్రతి దసరాకూ గిటార్‌కు పసుపు, కుంకుమ పెడతాం. 1986లో కొన్నప్పటి నుంచి ఒక్క ఏడాదీ మానలేదు. పీట మీద గిటార్, దాని పక్కన అమెరికా రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ఫొటో, రెండింటికీ బంతిపూల దండలు. నిన్న మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఈయన గిటార్‌ను తగలబెట్టిన మనిషి కదా? వాద్యానికి పూజ చేసే రోజున ఈయనకు దండేమిటి?" నాకు వెంటనే జవాబు దొరకలేదు. అందుకే మీ ముందు పెడుతున్నాను.

తెలియనివాళ్లకు చెబుతాను. 1967 జూన్ 18 రాత్రి, కాలిఫోర్నియాలో మాంటెరే పాప్ ఫెస్టివల్. హెండ్రిక్స్ చివరి పాటలో గిటార్‌ను నేల మీద పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, లైటర్‌లో పోసే ద్రవం చల్లి అగ్గిపుల్ల గీశాడు. తర్వాత దాన్ని విరగ్గొట్టి ముక్కలు జనంలోకి విసిరాడు.

ఆయన మీద నాకున్న అభిమానం మాత్రం ఆ మంటతో మొదలైంది కాదు. నాది ఎడమచేతి వాటం. బడిలో ఎడమ చేత్తో రాస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాళ్లు. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాస్తే అవ్వ లాగి కుడి చెయ్యి పట్టించేది. కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ క్యాసెట్ వినిపించి, దాని అట్ట మీద బొమ్మ చూపించాడు. కుడిచేతి వాళ్ల గిటార్‌ను తిరగేసి పట్టుకున్నాడు! మీటలన్నీ తారుమారు, తీగలు మాత్రం తన వాటానికి మార్చి కట్టుకున్నాడు. ఆయన ఇంట్లోనూ ఎడమ చేత్తో వాయిస్తే ఒప్పుకునేవాళ్లు కాదని తమ్ముడు లియోన్ చెప్పాడు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. తర్వాత సెకండ్ హ్యాండ్ గిటార్ ఒకటి కొని, లావు తీగ పట్టేలా గాడిని ఆకురాయితో నేనే అరగదీసి, తీగలు తిప్పి కట్టాను. ఇప్పటికీ అదే వాయిస్తున్నా.

ఫొటో పెట్టవచ్చా, కూడదా? మొహమాటం లేకుండా చెప్పండి.

వీణ పాఠాలు (కడప)

పెట్టకూడదని నా అభిప్రాయం, అన్నా. మా ఇంట్లో ఒకే పనస దుంగను తొలిచి చేసిన బొబ్బిలి వీణ ఉంది. పొరపాటున కాలు తగిలితే కళ్లకు అద్దుకుంటాం. పిల్లలకు సరళీ స్వరాల కంటే ముందు నేర్పేది అదే.

మీరు చెప్పిన ఆ రోజే మధ్యాహ్నం అదే వేదిక మీద రవిశంకర్ గారు సితార్ వాయించారు. మనకు వాద్యం దైవంతో సమానం, దాన్ని కాల్చడం చూసి చాలా బాధ కలిగిందని ఆయన తర్వాత బహిరంగంగానే చెప్పారు. హెండ్రిక్స్ ప్రతిభను ఆయన కాదనలేదు, నేనూ కాదనను. కరెంటు వాద్యమని చిన్నచూపూ లేదు. పాలకొల్లు యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు వాయిస్తుంటే కన్నీళ్లు పెట్టుకున్నదాన్ని. నా అభ్యంతరం ఆ అగ్గిపుల్ల దగ్గరే.

కేసీ కాలువ గట్టు (కర్నూలు)

మేడం, మా ఊళ్లో వినాయక ఘాట్‌కు ఒకసారి రండి. తొమ్మిది రోజులు దేవుడిగా కొలిచిన విగ్రహాన్ని మేమే భుజాల మీద మోసుకెళ్లి కేసీ కాలువలో కలుపుతాం. అది అవమానమని ఎవరైనా అన్నారా? ఇష్టమైనదాన్నే అర్పిస్తామని, గిటార్ అంటే తనకు ప్రేమ కాబట్టే అలా చేశానని హెండ్రిక్స్ కూడా చెప్పుకున్నాడు. కాల్చిన ఆ గిటార్‌కు తన చేత్తోనే రంగులు వేసుకున్నాడు. మనం రంగులు వేసిన విగ్రహాన్ని నిమజ్జనం చేసినట్టే కదా.

వీణ పాఠాలు (కడప)

తమ్ముడూ, పోలిక బాగుంది కానీ నిలబడదు. మట్టి నీళ్లలో కలవడం ఆ పూజలో భాగం. హెండ్రిక్స్ సంగతి అలా కాదు. అంతకు రెండున్నర నెలల ముందు, 1967 మార్చి 31న లండన్‌లో ఆయన మొదటిసారి గిటార్ కాల్చాడు. అందరి దృష్టిలో పడాలంటే ఏం చెయ్యాలని మాట్లాడుకుంటుంటే కీత్ ఆల్థామ్ అనే విలేఖరి ఇచ్చిన సలహా అది. మాంటెరేలో ముందు ఎవరు ఎక్కాలని 'ద హూ' అనే రాక్ బృందంతో నాణెం ఎగరేశారు. వాళ్లు గెలిచి ముందు ఎక్కి, సామాన్లన్నీ పగలగొట్టి దిగారు. దాన్ని మించినది చెయ్యాలని ఈయన నిప్పు పెట్టాడు. పక్కవాడిని మించడానికి చేసేదాన్ని అర్పణ అంటామా?

కేసీ కాలువ గట్టు (కర్నూలు)

లండన్ సంగతి నాకు తెలియదు మేడం. ఆలోచిస్తాను. కానీ 24 ఏళ్ల కుర్రాడు. ఆ వయసులో చేసిన ఒక్క పనితో మనిషిని కొలవకండి.

యాంప్లిఫయర్ రిపేర్ (ప్రొద్దుటూరు)

మీరంతా మంట దగ్గరే ఆగిపోయారు. నేను ముప్పై ఏళ్లుగా జాతరలకు, భజన మండళ్లకు సౌండ్ సెట్లు బాగుచేస్తున్నాను. నాకు తెలిసింది చెబుతా.

భజనలో మైకు కుయ్యిమంటే అందరూ చెవులు మూసుకుంటారు. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి పోయి, అక్కడి నుంచి మళ్లీ స్పీకర్‌కు వచ్చి, తిరిగి తిరిగి పెరిగితే వచ్చే కూత అది. దాన్ని ఆపడానికే నాకు కూలి ఇస్తారు. ఎలక్ట్రిక్ గిటార్‌లోనూ అంతే. స్పీకర్ శబ్దానికి తీగ దానంతటదే కంపిస్తుంది, కింద ఉన్న పికప్ ఆ కంపనాన్ని పట్టి మళ్లీ పంపుతుంది. హెండ్రిక్స్ ఈ కూతను ఆపలేదు. స్పీకర్‌కు ఎంత దూరంలో నిలబడాలి, ఏ వైపు తిరగాలి, తీగల బిగువు మార్చే లోహపు మీటను ఎంత నొక్కాలి, అన్నీ పట్టుకుని దాన్ని స్వరంగా మలిచాడు. నేను పారదోలే దయ్యంతో ఆయన పాట పాడించాడు. ఈ పనిలో ఉన్నవాడికే అది ఎంత కష్టమో తెలుస్తుంది.

వినాలంటే 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించిన అమెరికా జాతీయ గీతం వినండి. ఆదివారం రాత్రి ఎక్కాల్సినవాడు ఆలస్యమై సోమవారం పొద్దున ఎక్కాడు. లక్షల జనంలో చాలామంది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు. పాట మధ్యలో బాంబులు పడతాయి, సైరన్ మోగుతుంది, చనిపోయిన సైనికులకు ఊదే బూరా వరస కూడా వినబడుతుంది. అన్నీ ఆరు తీగల మీదే. ఆయన కూడా పారాచూట్ దళంలో పనిచేసి వచ్చినవాడే.

మేడం, ఆ రోజు వాయించిన తెల్ల గిటార్‌ను ఆయన కాల్చలేదు. సియాటిల్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దానికి దండ వెయ్యమనండి, నేనూ వేస్తా.

వీణ పాఠాలు (కడప)

రాత్రి మిద్దె మీద కూర్చుని విన్నాను, రెండుసార్లు. మొదటిసారి గోలగానే అనిపించింది. రెండోసారి ఆ బూరా వరస వచ్చేసరికి గొంతు పట్టేసింది. అంత గోల మధ్య ఆ నాలుగు స్వరాలను అంత నెమ్మదిగా ఉంచడం విద్వాంసుడే చెయ్యగలడు. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

అయినా పీట మీద వద్దనే అంటాను. పీట వాద్యానిది. ఫొటో గోడకు ఉండనివ్వండి.

ఎడమచేతి తంతి (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఇవన్నీ చదివి వినిపించాను. కాల్చడం తప్పేనని ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఆ మాట అనడానికి నాకు మనసు రాలేదు. ఆయన్ను తప్పుపడితే, స్కేలు దెబ్బలు తిన్న ఆ పిల్లవాణ్ని వదిలేసినట్టు అనిపించేది.

మేడం చెప్పినట్టు ఫొటో గోడకు మారుస్తున్నాను. దండ మాత్రం మానను. ఈ ఏడాది గిటార్‌కు కుంకుమ ఎడమ చేత్తో పెడతానంటే అమ్మాయి సరే అంది.

ప్రొద్దుటూరు అన్నా, నా యాంప్ వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది. పండగ లోపల తీసుకొస్తే చూస్తారా?

యాంప్లిఫయర్ రిపేర్ (ప్రొద్దుటూరు)

తీసుకురండి సార్. లోపల దుమ్ము పట్టి ఉంటుంది, క్లీనర్ కొడితే పోతుంది. గిటార్ కూడా తెండి, తీగలు తిప్పి కట్టింది చూడాలని ఉంది.